గ్రంథాలయ సదస్సులో లైబ్రేరియన్ ఎక్కడ కూర్చోవాలి?

గ్రంథాలయ పరిశోధన మీద రెండు రోజుల జాతీయ సదస్సు శ్రీకాకుళంలో పెడతారన్న మాట బయటికి రాగానే పాత గొడవ మళ్లీ మొదలైంది. ఊళ్లో పెట్టాలా క్యాంపస్‌లోనా, రిజిస్ట్రేషన్ ఫీజు ఎవరెవరు కట్టాలి, పేపర్లు తెలుగులో తీసుకుంటారా లేదా. కిందటిసారి కూడా ఇవే మూడు. 1914 బెజవాడ గ్రంథాలయ సభ, గ్రంథాలయోద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, ఊరూరా వెలిసిన పఠన మందిరాలు, ఇదంతా ప్రతి బ్రోషర్ మొదటి పేజీలోనూ ఉంటుంది కాబట్టి నేను వదిలేస్తున్నాను. ఈ తగాదా వేరు అంత లోతులో లేదు. 2010లో ఉంది.

ఆ ఏడాది యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ కొత్తవి తెచ్చి, అధ్యాపకుల ప్రమోషన్‌ని చేసిన పనికి పాయింట్లు కట్టే ఏపీఐ స్కోరుకి ముడిపెట్టింది. అంతర్జాతీయ సదస్సులో పేపర్ చదివితే 10 పాయింట్లు, జాతీయ సదస్సయితే ఏడున్నర, రాష్ట్ర స్థాయిది 5, కాలేజీ స్థాయిది 3. ఈ లెక్క వచ్చాక కాలేజీ స్థాయి సదస్సు పెట్టేవాడెవడు? మనకి ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే, బరంపురం నుంచి ఒక్క మాస్టారు బస్సెక్కి వచ్చినా సదస్సు జాతీయమైపోతుంది. బ్యానర్ మీద ఆ ఒక్క మాట మారితే పాయింట్లు రెట్టింపు దాటాయి.

ఇక్కడే అసలు మెలిక ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు. ఆ నిబంధనలు డిగ్రీ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసే లైబ్రేరియన్లకీ వర్తిస్తాయి. ఊళ్లో శాఖా గ్రంథాలయం తలుపు తీసే లైబ్రేరియన్‌కి వర్తించవు. ఆయన జిల్లా గ్రంథాలయ సంస్థ మనిషి, 1960 గ్రంథాలయాల చట్టం కింద, ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే సెస్సు మీద ఆధారపడ్డ సంస్థ. ఇద్దరూ చదివింది అదే లైబ్రరీ సైన్స్ కోర్సు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935 నుంచీ ఈ చదువు చెప్తోంది, కాబట్టి చాలామంది ఒకే బెంచీ మీద కూర్చుని గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు రాసిన అయిదు సూత్రాలు బట్టీ పట్టినవాళ్లే. కానీ 2010 తర్వాత ఒకరికి సదస్సంటే కెరీర్, ఇంకొకరికి సదస్సంటే సెలవు చీటీ. ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట ఒంటి చేత్తో నడిపే శాఖకి తాళం వేసి, సొంత డబ్బుతో ఫీజు కట్టి వెళ్లాలి. వెళ్తే వచ్చేది సర్టిఫికెట్, దాన్ని చూపించడానికి చోటు లేదు.

2018లో యూజీసీ మళ్లీ మార్చింది. జాతీయ సదస్సుకి 3, దేశంలో జరిగే అంతర్జాతీయ సదస్సుకి 5, విదేశాల్లోదయితే 7. పాయింట్లు తగ్గాయి గానీ అప్పటికే అలవాటు ముదిరింది, పైగా కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లొచ్చినప్పుడు కాలేజీ ఎన్ని సెమినార్లు పెట్టిందో చూపించాలి కదా.

అలాంటి ఒక సదస్సుకి నేనూ వెళ్లాను, ఏ కాలేజీయో ఎందుకులెండి. మొదటి రోజు జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, కీలకోపన్యాసం అయ్యేసరికి భోజనాల వేళయింది. మధ్యాహ్నం నుంచి మూడు గదుల్లో ఒకేసారి పేపర్లు, మనిషికి అయిదు నిమిషాలు, సగం పేపర్లు వినియోగదారుల సంతృప్తి మీదే. ఒక పరిశోధక విద్యార్థిని మాత్రం పబ్లిక్ లైబ్రరీకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది డీఎస్సీకీ, గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ చదివే కుర్రాళ్లే అనీ, వాళ్లకి పుస్తకాల కంటే ముందు కుర్చీ కావాలనీ చెప్పింది. ఆ గదిలో ఆ మాటకి జవాబు చెప్పగలిగిన శాఖా లైబ్రేరియన్ ఒక్కరూ లేరు. రెండో రోజు సర్టిఫికెట్లు పంచాక హాల్లో మిగిలింది నిర్వాహకులూ, మైకు కుర్రాడూ.

నిర్వాహకుల వైపు నుంచీ చెప్పాలి. సామాజిక శాస్త్రాల పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఐసీఎస్‌ఎస్‌ఆర్ కానీ, గ్రంథాలయాలకి సాయం చేసే రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కానీ ఇచ్చే గ్రాంటు దొరికినా అన్ని ఖర్చులూ గట్టెక్కవు, ఫీజు లేకుండా భోజనాలెలా అంటారు. సదస్సు పేపర్ల పుస్తకానికి ఐఎస్‌బీఎన్ నంబరు తెచ్చి అచ్చు వేయించాలంటే పేపర్లన్నీ ఇంగ్లీషులో ఉంటే సుళువు అంటారు. అబద్ధం కాదు.

ఊళ్లోవాళ్లు అడుగుతున్నది కూడా పెద్దదేమీ కాదు. ఒక్క పూట శ్రీకాకుళంలోనే ఉన్న కథానిలయంలో పెట్టండి, అంతే. స్కూలు మాస్టారుగా రిటైరయిన కథారచయిత కాళీపట్నం రామారావు గారు తనకి అవార్డుల మీద వచ్చిన డబ్బు పెట్టి, పాత పత్రికలూ కథల సంపుటాలూ పోగుచేసి 1997 ఫిబ్రవరి 22న తెరిచిన గ్రంథాలయం అది. తెలుగు కథ మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చి కూర్చుంటారు. ఏ పత్రికలో ఏ సంచికలో ఏ కథ వచ్చిందో కూర్చడమే గ్రంథాలయ పరిశోధన కాకపోతే, ప్రశ్నావళి పంచి శాతాలు కట్టడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. విజయనగరం మిత్రులు మా గురజాడ గ్రంథాలయం ఉండగా శ్రీకాకుళం ఎందుకంటున్నారు, అది వేరే పంచాయితీ.

తేదీల సంగతి కూడా ఉంది. పబ్లిక్ లైబ్రరీలకి వారం సెలవు శుక్రవారం, సదస్సేమో శని, ఆదివారాలు. ఆదివారమే లైబ్రరీకి జనం ఎక్కువ. ఈ సంగతి బ్రోషర్ వేసినవాళ్లకి తట్టలేదు, లేదా తట్టినా లెక్కకి రాలేదు.

ఇన్ని మాటలయ్యాక నిర్వాహకులు కొంత దిగొచ్చారు. మొదట వచ్చిన రిజిస్ట్రేషన్ ఫారంలో మూడే గడులు: అధ్యాపకులు, పరిశోధకులు, విద్యార్థులు. కొత్తగా వచ్చినదాంట్లో నాలుగో గడి చేర్చారు, సగం ఫీజు కూడా పెట్టారు. శాఖా గ్రంథాలయాల లైబ్రేరియన్లు అందులో టిక్కు పెట్టుకోవచ్చట. దాని ముందు రాసిన మాట, ఇతరులు.