కంచె దాటే విద్య

హైదరాబాద్ బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దాటి సందుల్లోకి వెళితే వరసగా రేకుల షెడ్లు. లేత్ మిషన్ల రొద, కూలెంట్ వాసన, గుమ్మం పక్క బస్తాల్లో మెరిసే అల్యూమినియం పొట్టు. మా మేనమామ స్నేహితుడికి అక్కడ చిన్న వర్క్‌షాపు ఉంది. ఒకప్పుడు పంపుల విడిభాగాలు చేసేవాడు. ఇప్పుడు ఆయన చేసే బ్రాకెట్లు మరో ఇద్దరి చేతులు మారి, విదేశీ కంపెనీ కోసం విమాన భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీకి చేరతాయి. నేను వెళ్లిన రోజు ఆయన మిషన్ దగ్గర లేడు, ఒక రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. ఏ ముక్కను ఏ కడ్డీ నుంచి కోశారు, ఆ కడ్డీ ఏ పోతలోది, మిషన్ మీద ఎవరున్నారు, కొలత ఎంతొచ్చింది, అన్నీ రాసి ఉండాలి. తేడా 0.02 మిల్లీమీటర్లు దాటకూడదు. తల వెంట్రుక కూడా అంతకన్నా మందంగానే ఉంటుంది.

"పీసు ఖరాబైతే ఒక్క పీసే పోతది బిడ్డా. గీ కాయితం లేకుంటే లాట్ మొత్తం వాపస్ వస్తది" అన్నాడు.

విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి, అంటే బయటి దేశపు కంపెనీ ఇక్కడ వ్యాపారం నడపడానికి పెట్టే డబ్బు, అన్న మాట వినగానే నాకు ఆ రిజిస్టరే గుర్తొస్తుంది. పేపర్లలో దాన్ని కోట్లలో రాస్తారు, ఎన్ని కోట్లొస్తే అంత మేలన్నట్టు. ఆ లెక్క నమ్మదగ్గది కాదని చాలా ఏళ్ల కిందటే చూపించినవాడు కెనడా ఆర్థికవేత్త స్టీఫెన్ హైమర్. 1960లో ఆయన అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన వ్యాసం, ఆయన చనిపోయిన రెండేళ్లకు, 1976లో గానీ పుస్తకంగా రాలేదు. అప్పటిదాకా అందరూ అనుకున్నది ఇదీ: డబ్బు నీళ్లలాంటిది, వడ్డీ తక్కువున్న దేశం నుంచి ఎక్కువున్న దేశానికి పారుతుంది. హైమర్‌కు ఇది పొసగలేదు. అలాగైతే అమెరికా కంపెనీలు బయటి దేశానికి వెళ్లి అక్కడి బ్యాంకుల్లోనే అప్పు ఎందుకు తెస్తున్నాయి? ఒకే పరిశ్రమలో అటు కంపెనీ ఇటు, ఇటు కంపెనీ అటు ఎందుకు వెళుతున్నాయి?

ఆయన జవాబు: దాటి వస్తున్నది ప్రధానంగా డబ్బు కాదు, పెత్తనం. పరాయి దేశంలో వ్యాపారం అంటేనే నష్టంతో మొదలు. భాష తెలీదు, చట్టం తెలీదు, జనం నాలుక తెలీదు. 2018 ఆగస్టులో స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా మన దేశంలోనే తన మొదటి దుకాణాన్ని హైదరాబాద్‌లో తెరిచినప్పుడు, దాని రెస్టారెంట్లో స్వీడన్ మాంసపు ఉండలు కోడిమాంసంతో, కూరగాయలతో చేయాల్సి వచ్చింది, పక్కన బిర్యానీ పెట్టాల్సి వచ్చింది. ఇన్ని ఇబ్బందులు పడి కూడా లాభం తీయాలంటే స్థానికుల దగ్గర లేనిదేదో చేతిలో ఉండాలి. అది ఒక విద్య కావచ్చు, డిజైన్ కావచ్చు, పేరు కావచ్చు.

మరి ఆ విద్యను లైసెన్సు మీద అమ్మేసి ఇంట్లో కూర్చోవచ్చు కదా? చిక్కంతా అక్కడే. విద్యను చూపించకపోతే కొనేవాడు ధర కట్టలేడు. చూపించేస్తే ఇక కొనాల్సిన అవసరమే ఉండదు. అందుకే బేరం బజార్లో కుదరని దాన్ని కంపెనీ తన గోడల లోపలే పెట్టుకుని, గోడల్నే ఇంకో దేశం దాకా పొడిగిస్తుంది. 1976లో ఆర్థికవేత్తలు పీటర్ బక్లీ, మార్క్ కాసన్ ఈ వాదాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచారు. లెక్కలు రాసేవాళ్లు కూడా పెత్తనాన్నే గీటురాయిగా తీసుకున్నారు: ఓటు హక్కులో కనీసం 10 శాతం వాటా ఉంటేనే అది ప్రత్యక్ష పెట్టుబడి. కోట్ల లెక్క ఎంత మోసం చేస్తుందో చూడాలంటే మారిషస్ చాలు. 1982 నాటి పన్ను ఒప్పందం పుణ్యమా అని ఇతర దేశాల డబ్బు కూడా ఆ దారినే రావడంతో ఆ చిన్న ద్వీపం మన దేశానికి పెట్టుబడులు పంపేవాటిలో ఏళ్ల తరబడి మొదటి వరసలో నిలిచింది. 2016లో ఒప్పందాన్ని సవరించారు.

అయితే పెత్తనం కింద వచ్చిన విద్య కంచె లోపలే ఉంటుందా, బయటి షెడ్లకు చేరుతుందా? నాకు అసలు ఆసక్తి ఇక్కడే. వెనెజువెలా ఫ్యాక్టరీల మీద బ్రయన్ ఐట్కెన్, ఆన్ హారిసన్ 1999లో ప్రచురించిన పరిశోధన నిరాశపరిచింది. విదేశీ కంపెనీ వచ్చిన రంగంలో పోటీపడే స్థానిక కంపెనీల ఉత్పాదకత పడిపోయింది. 2004లో బెయాటా యావోర్చిక్ లిథువేనియా లెక్కల్ని ఇంకో వైపు నుంచి చూసింది. పోటీదారుల్ని వదిలి, ఆ కంపెనీలకు సరుకు ఇచ్చేవాళ్లను పట్టుకుంది. వాళ్ల ఉత్పాదకత పెరిగింది. అదీ పూర్తిగా విదేశీయులదైన కంపెనీల వల్ల కాదు, స్థానిక భాగస్వామి ఉన్న కంపెనీల వల్ల. ఇది చదివినప్పుడు నాకు హైదరాబాద్ పక్కనున్న ఆదిబట్ల కళ్లముందు కదిలింది. అక్కడ బోయింగ్ అపాచీ హెలికాప్టర్ల బాడీలకూ, లాక్‌హీడ్ మార్టిన్ సీ-130జె విమానాల తోక భాగాలకూ టాటాలే భాగస్వాములు.

దీంతో పోలిస్తే మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల సంగతి వేరు. మైక్రోసాఫ్ట్ 1998లోనే హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. జీతాలు వచ్చాయి, ఊరు మారింది. కానీ అలాంటి కేంద్రానికి బాలానగర్ షెడ్డు అమ్మగలిగేది దాదాపు ఏమీ లేదు. అక్కడి విద్య బయటికి రావాలంటే మనుషుల వెంటే రావాలి.

మనుషుల వెంట విద్య రావడం ఈ ఊరికి కొత్త కాదు. సోవియట్ సాయంతో మొదలైన ఐడీపీఎల్ మందులు తయారుచేసే ప్రభుత్వ సంస్థ, అందులో విదేశీ వాటా లేదు. అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 2006లో ఆ కంపెనీ 48 కోట్ల యూరోలు పెట్టి జర్మనీలో బీటాఫార్మ్ అనే మందుల కంపెనీని కొన్నది. హైమర్ చెప్పిన పరాయివాడి కష్టాలు అప్పుడు మనవాళ్లకూ తగిలాయి. జర్మనీలో మందుల ధరలకు కత్తెర పడి, కొన్న విలువలో చాలా భాగం నష్టం కింద రాసుకోవాల్సి వచ్చింది.

బయల్దేరుతుంటే వర్క్‌షాపులోకి ఒక కుర్రాడు వచ్చాడు. ఇక్కడే నాలుగేళ్లు పనిచేసి, జీడిమెట్లలో సొంతంగా రెండు మిషన్లు పెట్టుకున్నాడట. కొలతలు చూసే గేజ్ రెండు రోజులకు కావాలన్నాడు. చంకలో రిజిస్టరు ఉంది. తెరిచి చూపించాడు: అవే గడులు, అదే వరస, కడ్డీ నంబరు దగ్గర అదే ఎర్ర గీత. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, ఒక గడిలో తేదీ రాయలేదని వేలు పెట్టి చూపించి, గేజ్ తీసిచ్చాడు.