కొంగ తెలుపు, నీటి నలుపు

చెట్ల నీడ కనిపించే నల్లటి నీటిలో, ఒంటి మీద ఎండ పడుతుండగా నిలబడ్డ తెల్లకొంగను ఫొటో తీసి, తరువాత పెద్దది చేసి చూడండి. చాలాసార్లు కొంగ ఆకారంలో కత్తిరించిన తెల్లకాగితం కనిపిస్తుంది. రెక్క మీద ఈకల వరుసలు ఉండవు, మెడ వంపులో పడాల్సిన సన్నని నీడ ఉండదు. నీళ్లు మాత్రం కంటికి కనిపించినదానికన్నా తేటగా వచ్చి ఉంటాయి.

కెమెరాలోని మీటర్ లెన్స్‌లోంచి వచ్చే వెలుతురును కొలిచి, దృశ్యం సగటున మధ్యరకం బూడిదరంగులో వచ్చేలా లెక్క కడుతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి నీరే అయితే, ఆ నలుపును బూడిదరంగుకు తేవడానికి వెలుతురును ఎక్కువగా తీసుకుంటుంది. ఆ అదనపు వెలుతురుకు కొంగ ఈకలు బలవుతాయి. అదే కొంగ నాలుగడుగులు నడిచి, ఆకాశం మెరుస్తున్న నీటిలోకి వచ్చిందనుకోండి. ఇప్పుడు మీటర్ వెలుతురును తగ్గిస్తుంది, కొంగ మాసిపోయినట్టు వస్తుంది. ఈ లోపల సూర్యుడూ మారలేదు, కొంగ ఒంటి మీద పడే ఎండా మారలేదు. మారింది వెనకున్న నీరు మాత్రమే.

ఆ నీరు ఎందుకంతగా మారుతుందో తెలిస్తే సగం చిక్కు వీడిపోతుంది. నిట్టనిలువుగా పైనుంచి చూసినప్పుడు నీటి ఉపరితలం తన మీద పడిన వెలుతురులో దాదాపు 2 శాతాన్నే వెనక్కి పంపుతుంది. చూపు ఏటవాలయ్యే కొద్దీ ఈ వాటా పెరుగుతుంది. నీటి మట్టానికి 10 డిగ్రీల కోణంలో చూస్తే సుమారు మూడోవంతు వెలుతురు తిరిగి వస్తుంది, ఇంకా కిందికి దిగితే నీరు అద్దమే అయిపోతుంది. పక్షి కంటికి సమానంగా కెమెరా ఉండాలని మనం గట్టు మీద బోర్లా పడుకుంటాం కదా, సరిగ్గా అక్కడే మీటర్ నీటిని వదిలేసి ఆకాశాన్నీ అవతలి గట్టు చెట్లనూ కొలవడం మొదలుపెడుతుంది. చిన్న అల వచ్చినా లెక్క మారుతుంది.

అందుకే ఎండ నిలకడగా ఉన్నప్పుడు నేను మాన్యువల్‌లోనే, అంటే వెలుతురు లెక్కను మీటర్‌కు వదలకుండా నేనే పెట్టుకుని, తీస్తాను. పాత సూత్రం ఒకటుంది: మంచి ఎండలో ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర షటర్ వేగం (వెలుతురు లోపలికి వచ్చే సమయం) ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకు స్పందించే స్థాయి) అంకెకు తగ్గట్టు ఉండాలి. ఐఎస్ఓ 400 అయితే సెకనులో 1/400 వంతు, రంధ్రం పెంచి ఎఫ్/8కి వస్తే 1/1600. తెల్లటి పక్షికి ఇంకో స్టాప్ తగ్గించి, అంటే వెలుతురును సగం చేసి, 1/3200 దగ్గర మొదలుపెడతాను. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) కుడి అంచు చూస్తాను. గీత అంచును ఢీకొంటే ఇంకొంచెం తగ్గించాలి. సాయంత్రపు పసుపు ఎండలో ఆ గ్రాఫ్‌లో ఎరుపు రంగు గీతను విడిగా చూడడం మేలు, ముందు నిండిపోయేది అదే. మబ్బులు వస్తూ పోతూ ఉంటే మాత్రం ఈ పద్ధతి కుదరదు.

తెలుపు గురించే ఇంత జాగ్రత్త ఎందుకంటే, వెలుతురును పట్టే సెన్సర్‌లోని ప్రతి బిందువూ ఒక బిందె లాంటిది. నిండాక ఎంత పోసినా పొర్లిపోవడమే, ఎంత పొర్లిందో ఎవరూ చెప్పలేరు. అడుగున కాసిని నీళ్లున్నా కొలవవచ్చు. అంటే రా ఫైలులో (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) చీకటిని కొంత గరుకుతనంతోనైనా పైకి తేవచ్చు, మాడిపోయిన తెలుపును తేలేం.

ఈ లెక్కకు అసలు పరీక్ష నీటిలో ఈదే కూట్ పక్షి. ఒళ్లంతా బొగ్గు నలుపు, ముక్కూ నుదుటి బిళ్లా మాత్రం సున్నం వేసినంత తెలుపు. నలుపులో ఈకలు కనిపించాలని వెలుతురు పెంచితే ఆ బిళ్ల మాడిపోతుంది. నేనైతే బిళ్లకే ఎక్స్‌పోజర్ (లోపలికి వచ్చే వెలుతురు మోతాదు) కుదిర్చి, నలుపును తరువాత పైకి తెస్తాను. అలల కొనల మీద ఎండ మెరుపులు మాడితే మాడనివ్వండి. అవి సూర్యుడి ప్రతిబింబాలే, వాటిలో చూడాల్సిన వివరమేమీ లేదు.

మాన్యువల్‌లో ఉన్నప్పుడు కొంగ ఎగిరితే ఇక చేయాల్సిందల్లా లెన్స్‌తో దాన్ని వెంబడించడమే. నల్లటి నీటి మీంచి లేచి, మెరిసే నీటిని దాటి, ఆకాశాన్ని చీల్చుకుని, చెట్ల ముందుగా ఎండలోనే సాగిపోతుంది. వరుసగా తీసిన ఇరవై ఫొటోల్లో వెనక దృశ్యం మారిపోతూ ఉంటుంది, రెక్క మీద ఈకల గీతలు మాత్రం మొదటి దాంట్లో ఎంత తెలుపో చివరి దాంట్లోనూ అంతే.