నార్వేజియన్ వ్యాపార మాటల్లో ఆ 'ఎస్' ఎటు పోవాలి?

ఇండియాకీ ఎఫ్టా దేశాలకీ మధ్య 2024 మార్చి 10న ఢిల్లీలో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి, 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి కూడా వచ్చింది. ఎఫ్టా అంటే యూరప్‌లోని ఒక స్వేచ్ఛా వాణిజ్య కూటమి, అందులో నాలుగే దేశాలు, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్, నార్వే, స్విట్జర్లాండ్. ఇలాంటి ఒప్పందాన్ని నార్వేవాళ్ళు ఒకే మాటగా రాసేస్తారు, ఫ్రీహన్దెల్స్‌అవ్‌తాలె అని. వాళ్ళ లిపిలో 16 అక్షరాలు, మధ్యలో ఎక్కడా ఖాళీ ఉండదు. ఫ్రీ అంటే స్వేచ్ఛ, హన్దెల్ అంటే వ్యాపారం, అవ్‌తాలె అంటే ఒప్పందం, సరే బానే ఉంది, మరి హన్దెల్ తర్వాత ఆ 'స్' ఏంటి?

దానికి విడిగా అర్థం ఏమీ లేదు, రెండు మాటల్ని కలిపే అతుకు అంతే. ఒకప్పుడు షష్ఠీ విభక్తి లాంటిదే, ఇప్పుడు ఆ పని వదిలేసి అతుక్కే పరిమితమైపోయింది. పోనీ అన్నిచోట్లా అదే వాడతారా అంటే అదీ లేదు. పుస్తకాల షాపు బూక్‌హన్దెల్, అక్కడ అతుకే అక్కర్లేదు. చేపల వ్యాపారం ఫిస్కెహన్దెల్, అక్కడ అతుకు 'ఎ'. సరుకులు చవగ్గా దొరుకుతాయని బోర్డర్ దాటి స్వీడన్ వెళ్ళి కొనుక్కొచ్చుకోవడాన్ని గ్రెన్సెహన్దెల్ అంటారు, అందులో 'ఎ' అతుకు కాదు, గ్రెన్సె అంటేనే సరిహద్దు, అది ఆ మాటలోదే. ఏ మాటకి ఏది అతుకుతుందో చాలావరకు విని నేర్చుకోవాల్సిందే.

అసలు తంటా లైను చివర మాట పట్టకపోతే వస్తుంది. మామూలు మాటకి వాళ్ళకో సులువైన రూల్ ఉంది, అచ్చుకి ముందున్న ఒక్క హల్లుని కింది లైనుకి పంపేయడమే. హన్దెల్ అయితే హన్-దెల్, గొంతులు అనే అర్థమున్న హల్సెర్ అయితే హల్-సెర్. ఇదే రూలుని గుడ్డిగా హన్దెల్స్‌అవ్‌తాలె మీద వాడితే హన్-దెల్-సవ్-తా-లె అని తేలుతుంది, అది తప్పు. సమాసం అయితే ముందు అతుకు దగ్గరే విరగ్గొట్టాలి, 'స్' ఎడమవైపు మాటతోనే ఉండిపోవాలి, అంటే హన్-దెల్స్-అవ్-తా-లె అన్నమాట. ఆ ఎస్ ఎడమవైపుదే అనడానికి సాక్ష్యం కావాలంటే అక్కడి పరిశ్రమలు, మత్స్య శాఖ పేరు చూడండి, నేరింగ్స్- ఓ ఫిస్కెరీదెపర్తెమాంగె. 'ఓ' అంటే మరియు. మొదటి మాటకి రావాల్సిన మంత్రిత్వ శాఖ అనే ముక్క రెండోదాంట్లో ఎలాగూ ఉందని వదిలేసి చిన్న గీత పెట్టారు, అయినా ఎస్‌ని మాత్రం వదల్లేదు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. వైన్ గ్లాసు వాళ్ళ భాషలో వీన్‌గ్లాస్, అతుకు లేదు. రెడ్ వైన్ గ్లాసు మాత్రం రోవీన్స్‌గ్లాస్, మధ్యలో ఎస్ వచ్చింది! ఎందుకంటే ఎడమవైపున్న రోవీన్ ఇప్పటికే ఒక సమాసం, దానికి ఇంకో మాట తగిలించేటప్పుడు ఎస్ పెడితే పెద్ద జాయింట్ ఎక్కడుందో తెలిసిపోతుంది, ఎర్ర వైన్‌కి గ్లాసే గానీ వైన్‌కి ఎర్ర గ్లాసు కాదని. ఇదేమీ తిరుగులేని రూల్ కాదు లెండి. ఒకప్పుడు నార్వేలోని లొఫోతెన్ దీవుల నుంచి బెర్గెన్ రేవుకి సాగిన ఎండు చేపల వ్యాపారం తోర్‌ఫిస్క్‌హన్దెల్, అక్కడ ఎడమవైపు సమాసమే అయినా, ఫిస్క్ లాగా ఎస్-కె తో ముగిసే మాటకి ఇంకో ఎస్ తగిలించడం వాళ్ళకి పెద్దగా అలవాటు లేదు.

షాపుల చైన్‌ని బుతిక్‌శేదె అంటారు, ఇందులో ఇంకో తమాషా ఉంది. షాపు అనే మాట చివర రెండు 'కె'లు, చైన్ అనే మాట మొదట్లో ఒక 'కె', కలిపితే మూడవ్వాలి కదా, కానీ ఒకటి ఎగిరిపోతుంది, రెండే రాస్తారు. లైను చివర విరగ్గొట్టినప్పుడు మాత్రం ఆ పోయిన 'కె' మళ్ళీ వచ్చేస్తుంది, గీతకి ఇటు రెండు, అటు ఒకటి.

ఇదంతా కంప్యూటర్‌కి చెప్పడం మాత్రం చికాకే. 1983లో స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ తన థీసిస్‌లో ఒక పద్ధతి చూపించాడు, చిన్న చిన్న అక్షరాల గుంపుల మధ్య అంకెలు పెట్టడం, బేసి అంకె ఉంటే విరవొచ్చు, సరి అంకె ఉంటే విరవకూడదు, రెండు గుంపులు గొడవపడితే పెద్ద అంకెదే గెలుపు. టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ నడిచేది దీనితోనే. కానీ దానికి అర్థం తెలీదు, కనిపించేది అక్షరాలే. హల్సెర్‌లోనూ హన్దెల్స్‌అవ్‌తాలెలోనూ ఎల్, ఎస్, ఆ వెంటనే అచ్చు ఇలాగే ఉంటాయి, మొదటిదాంట్లో ఎస్ కిందికి పోవాలి, రెండోదాంట్లో పైనే ఆగాలి. అందుకని చుట్టుపక్కల ఇంకా కొన్ని అక్షరాలు కలిపి పొడుగు గుంపులు చేర్చుకుంటూ పోవాలి, ఈలోగా జనం కొత్త సమాసాలు పుట్టించేస్తూనే ఉంటారు, అన్నీ డిక్షనరీలో పెట్టడం అయ్యే పని కాదు.

మనుషులకీ ఇందులో తప్పులు తప్పవు. కలిపి రాయాల్సింది విడగొట్టి రాస్తే అర్థమే మారిపోతుంది. ట్యూనా ముక్కలు తూన్‌ఫిస్క్‌బీతెర్, దాన్నే తూన్‌ఫిస్క్ బీతెర్ అని విడిగా రాస్తే 'ట్యూనా కరుస్తుంది' అని చదువుకోవచ్చు. పొగ తాగరాదు అనే అర్థంలో రోయ్క్‌ఫ్రిత్ అని కలిపి రాయాలి, మధ్యలో ఖాళీ పెట్టారో, 'హాయిగా పొగ తాగండి' అని బోర్డు పెట్టినట్టే.