రాయి దెబ్బకి రాసిన మందు తుప్పుకి పూశారు

ట్యాంకర్ ప్రమాదం వార్త ఎక్కడ చదివినా రెండో పేరాలో ఒక వాక్యం కచ్చితంగా ఉంటుంది, ఇది డబుల్ హల్ ఓడ కాబట్టి చమురు ఒలికే ముప్పు తక్కువ అని. అబద్ధమేం కాదు, కానీ సగమే నిజం. మా బావ పద్దెనిమిదేళ్లుగా ట్యాంకర్ల మీదే తిరుగుతున్నాడు, ఇప్పుడు చీఫ్ ఆఫీసర్. ఆయన దగ్గర ఈ మాట ఎత్తితే నవ్వేసి "రెండు గోడలున్నాయంటే తుప్పు పట్టడానికి చోటు కూడా పెరిగినట్టే కదరా బామ్మర్దీ" అంటాడు. ఆయన ఎందుకలా అంటాడో తెలుసుకుందామని తవ్వుతూ పోతే ఇంత కథ బయటపడింది.

ముందు అసలు విషయం. పాతకాలం ట్యాంకర్‌లో చమురుకీ సముద్రానికీ మధ్య ఉండేది ఒకటే ఉక్కు రేకు, పెద్ద ఓడల్లో కూడా దాని మందం సుమారు 20 మిల్లీమీటర్లు, అంటే మన బొటనవేలి వెడల్పంత. మూడు లక్షల టన్నుల ముడి చమురు మోసే ఓడ, 330 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, దానికి ఈ రేకే రక్ష. డబుల్ హల్ అంటే ఆ రేకు లోపల, పక్కలకీ అడుగుకీ ఇంకో గోడ కట్టడం. రెంటి మధ్య ఖాళీ పెద్ద ఓడల్లో రెండు మీటర్లు, చిన్నవాటిల్లో ఇంకా తక్కువ. బయటి గోడ చిరిగినా లోపలిది నిలిస్తే చమురు బయటికి రాదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. బ్రూనెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు కట్టిన గ్రేట్ ఈస్టర్న్ అనే మహా ఓడ 1858లో నీళ్లలోకి దిగింది, దానికి రెండు పొరలున్నాయి. 1862లో న్యూయార్క్ దగ్గర మోంటాక్ అనే చోట రాతికి ఒరుసుకుని బయటి పొర 83 అడుగుల పొడవున, 9 అడుగుల వెడల్పున చీలిపోయింది. లోపలి పొర చెక్కుచెదరలేదు, ఓడ తనంతట తానే న్యూయార్క్ చేరుకుంది. ఇంత చక్కటి రుజువు కళ్లముందు ఉన్నా తర్వాత వందేళ్ల పాటు చమురు ఓడలకి ఆ పని చేయలేదు. కారణం డబ్బే. రెండో గోడ అంటే ఉక్కు ఎక్కువ, సరుకు తక్కువ.

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ కువైట్ నుంచి సుమారు 1.19 లక్షల టన్నుల ముడి చమురుతో బ్రిటన్ వెళ్తూ, పోటు వేళకి రేవు అందుకోవాలన్న తొందరలో అడ్డదారి పట్టి కార్న్‌వాల్ దగ్గర రాళ్లెక్కింది. ఆ చమురుని ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు, చివరికి బ్రిటిష్ ప్రభుత్వం విమానాలు పంపి ఆ ఓడ మీద బాంబులు వేయించింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని సామెత, ఇక్కడ ఆరేళ్లు పట్టింది. 1973లో ఓడల వల్ల సముద్రం పాడవకుండా మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ట్యాంకర్లకి అడుగున రెండు పొరలు తప్పనిసరి చేద్దామని అమెరికా అప్పుడే అడిగింది, మిగతా దేశాలు ఒప్పుకోలేదు. 1978లో మళ్లీ అడిగింది, మళ్లీ కాదన్నారు. అదే ఏడాది మార్చిలో అమోకో కాడిజ్ అనే ఓడ స్టీరింగ్ పాడై ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి కొట్టుకుపోయి, రెండు లక్షల టన్నులకి పైగా చమురు ఒలకబోసింది.

డబుల్ హల్ బదులు ఆ రోజుల్లో ఒప్పుకున్నది వేరే బ్యాలస్ట్ ట్యాంకులు. ఈ బ్యాలస్ట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. చమురు దించేశాక ఖాళీ ట్యాంకర్ బెండులా పైకి తేలిపోతుంది, ప్రొపెల్లర్ నీళ్లపైకి వచ్చేస్తుంది, గాలికి మాట వినదు. అందుకని బరువు కోసం సముద్రపు నీళ్లు నింపుకుంటారు. పూర్వం ఆ నీళ్లు చమురు మోసిన ట్యాంకుల్లోనే పట్టేవాళ్లు, మళ్లీ లోడింగ్ పోర్టు దగ్గరికి వచ్చాక జిడ్డుతో సహా సముద్రంలోకి వదిలేసేవాళ్లు. ప్రమాదాల్లో ఒలికిన దానికన్నా ఇలా మామూలు రోజుల్లో పారబోసిందే ఎక్కువ. అందుకే నీళ్లకి ప్రత్యేకంగా ట్యాంకులు పెట్టమన్నారు, 1973లో 70 వేల టన్నులు దాటిన కొత్త ట్యాంకర్లకి, 1978లో 20 వేల టన్నుల నుంచే ముడి చమురు ఓడలకి. మంచి నిర్ణయమే. కానీ సగం రోజులు ఉప్పు నీళ్లతో నిండి, మిగతా సగం ఉప్పు తేమతో ఖాళీగా ఉండే ఆ గదులు తుప్పుకి పెళ్లిభోజనం.

ఇక అందరికీ తెలిసిన ఎక్సాన్ వాల్డీజ్. 1989 మార్చి 24, గుడ్ ఫ్రైడే, అర్ధరాత్రి దాటిన కాసేపటికి అలాస్కాలో బ్లై రీఫ్ అనే రాళ్ల మీదికెక్కింది. 11 సరుకు ట్యాంకుల్లో 8 చిరిగాయి, నాలుగు కోట్ల లీటర్ల పైచిలుకు చమురు పోయింది. ఇక్కడ ఒకటి గమనించండి, అది మూడేళ్లు కూడా నిండని ఓడ. ఉక్కులో లోపం లేదు, తుప్పు లేదు. దారి తప్పి రాయిని గుద్దింది, అంతే. ఇలాంటి దెబ్బకి రెండో గోడ సరైన మందు, ఆ రోజు అది ఉండి ఉంటే అంత చమురు పోయేది కాదు. 1990 ఆగస్టు 18న అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ (పెద్దాయన) కొత్త చట్టం మీద సంతకం పెట్టారు: మా నీళ్లలోకి వచ్చే కొత్త ట్యాంకర్లకి రెండు పొరలు ఉండాల్సిందే, పాతవి 2015 లోపు దశలవారీగా ఆగిపోవాల్సిందే. ఎవరినీ అడగలేదు. అంత పెద్ద బేరాన్ని ఎవరు వదులుకుంటారు? 1992లో ఓడలకి ప్రపంచ స్థాయి నియమాలు పెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐఎమ్ఓ కూడా దారికొచ్చింది, 1993 జూలై నుంచి ఆర్డర్ చేసే 5 వేల టన్నులు దాటిన ట్యాంకర్లన్నిటికీ డబుల్ హల్. మిడ్ డెక్ అని జపాన్ వాళ్లు ఇంకో డిజైన్ ముందుకు తెచ్చారు, ఐఎమ్ఓ సరేనంది, అమెరికా ఒప్పుకోలేదు. అమెరికా వెళ్లలేని ట్యాంకర్ ఎవరు కట్టించుకుంటారు? అది కాగితం మీదే ఉండిపోయింది.

అసలు మెలిక ఇక్కణ్నుంచి.

1999 డిసెంబర్ 12. ఎరికా, 1975లో కట్టిన ఓడ, మాల్టా జెండా, 31 వేల టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్‌తో డంకర్క్ నుంచి ఇటలీ వెళ్తోంది. బ్రిటనీ దగ్గర తుఫాను అలల్లో రెండు ముక్కలైంది. ఓడలో ఉన్న 26 మందీ మన భారతీయులే, హెలికాప్టర్లు అందరినీ కాపాడాయి, కెప్టెన్‌ని మాత్రం ఒడ్డుకు చేరాక ఫ్రాన్స్ అరెస్టు చేసింది. ఎరికా దేన్నీ గుద్దలేదు. దర్యాప్తులో వేలు చూపించింది బ్యాలస్ట్ ట్యాంకులో తుప్పు తిన్న ఉక్కుని. ఏడాదికి కాస్టర్ అనే ఓడ పెట్రోలుతో మధ్యధరాలో వెళ్తుంటే డెక్ అడ్డంగా పగిలింది, ఏ దేశమూ రేవులోకి రానివ్వక వారాల తరబడి సముద్రంలోనే ఈడ్చుకుంటూ తిప్పారు. దాన్నీ ఏదీ గుద్దలేదు. 2002 నవంబర్ 13న ప్రెస్టీజ్, 26 ఏళ్ల ఓడ, 77 వేల టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్, స్పెయిన్‌లోని గలీసియా దగ్గర పక్క చిరిగి ఒరిగింది. ఆశ్రయం అడిగితే స్పెయిన్ దూరంగా లాక్కుపొమ్మంది. ఆరు రోజులకి, 19న, రెండుగా విరిగి మునిగింది. ఎందుకు చిరిగిందన్న దాని మీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి, కానీ రాయి మాత్రం కాదు.

మరి ఈ మూడు ఓడలకి ప్రపంచం చేసిన వైద్యం ఏంటి? సింగిల్ హల్ వాటిని ఇంకా త్వరగా ఆపేయండి, డబుల్ హల్ తెండి! ఎరికా తర్వాత ఒకసారి గడువు ముందుకు జరిపారు, ప్రెస్టీజ్ తర్వాత 2003 డిసెంబర్‌లో ఇంకోసారి, ఎక్కువ ఓడలకి 2010 ఆఖరు అన్నారు. విరిగిపోయే ఓడని రెండో గోడ ఆపలేదు, విరిగితే రెండూ విరుగుతాయి. ముసలి ఓడలు పోయి కొత్తవి రావడం వల్ల లాభం జరిగింది, నేను కాదనను. కాకపోతే ఆ లాభం కొత్తదనానిది, పేరు మాత్రం డబుల్ హల్‌కి వచ్చింది.

ఇలా వెళ్లగొట్టిన పాత ఓడల్లో చాలా వాటిని మన గుజరాత్‌లోని అలంగ్‌లోనో, బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లోనో కోసేశారు. ఎక్సాన్ వాల్డీజ్ కూడా పేర్లు మార్చుకుంటూ, చివరికి ఖనిజం మోసే ఓడగా మారి, మన సుప్రీంకోర్టు దాకా వ్యవహారం వెళ్లాక 2012లో అలంగ్ ఒడ్డునే ముక్కలైంది.

బావ మాటకి వస్తాను. డబుల్ హల్ ఓడలో ఆ రెండు గోడల మధ్య ఖాళీయే బ్యాలస్ట్ ట్యాంకు. పాత ఓడలో నాలుగైదు పెద్ద గదులుగా ఉన్నది ఇప్పుడు ఓడ చుట్టూ ఇరుకు సందులా పరుచుకుంది. రంగు వేయాల్సిన, కాపాడాల్సిన ఉక్కు కొన్ని రెట్లు పెరిగింది. దాంట్లోకి దిగడం ఎలా ఉంటుందో బావ చెప్పాడు: ముందు మీటర్‌తో ఆక్సిజన్ చూడాలి, ఎందుకంటే మూసిపెట్టిన గదిలో తుప్పు గాలిలోని ఆక్సిజన్ని తినేస్తుంది, చూడకుండా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. తర్వాత నిచ్చెన మెట్లు, అడుగున బురద. ఒక గది నుంచి ఇంకో గదికి 60 సెంటీమీటర్ల కన్నం, అందులోంచి టార్చి, సుత్తి, రేడియో పట్టుకుని పాక్కుంటూ దూరాలి. రేకు మీద సుత్తితో కొడితే మంచి ఉక్కు ఖంగుమంటుంది, పాడైంది డొల్లగా మోగుతుంది. తుప్పు అప్పడాల్లాగా పెచ్చులు పెచ్చులుగా చేతిలోకి ఊడొస్తుంది. "రోజంతా తిరిగినా ఓడలో ఒక మూల కూడా పూర్తవదు, అదే ఓడని తనిఖీ చేసే సర్వేయర్ ఉండేది ఒకటి రెండు రోజులే" అంటాడు. ఆ సందులోకి చమురు ట్యాంకు నుంచి చిన్న పగులు గుండా గ్యాస్ చేరితే ఇక చెప్పక్కర్లేదు.

ఇంకో చిక్కు ఎవరూ ముందు ఊహించలేదు. గల్ఫ్‌లో వేడిగా లోడ్ చేసిన చమురు పాత ఓడలో సముద్రపు చల్లదనానికి చల్లబడేది. ఇప్పుడు మధ్యలో ఖాళీ ఉంది కదా, కాఫీ ఫ్లాస్కులా వేడి అలాగే నిలుస్తుంది, వెచ్చదనానికి తుప్పూ బ్యాక్టీరియా రెండూ హుషారవుతాయి, ట్యాంకు అడుగున గుంటలు పడతాయి. దీనికి తోడు బరువూ ఖర్చూ తగ్గించుకోవాలని హై టెన్సైల్ ఉక్కు వాడారు. గట్టిది కాబట్టి రేకు పల్చగా వేయొచ్చు అని లెక్క, కానీ తుప్పు గట్టి ఉక్కని జాలిపడదు, అలల ఊపుకి జాయింట్ల దగ్గర సన్న పగుళ్లు కూడా త్వరగా వచ్చాయి. తొలినాటి డబుల్ హల్ ఓడలు కొన్ని రేవులో లోడింగ్ చేస్తుండగానే ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయాయి, వెడల్పాటి ట్యాంకుల్లో ద్రవం అటూ ఇటూ ఊగడం వల్ల. దానికి 1990ల చివర్లో వేరే నిబంధన తెచ్చారు.

తుప్పు సంగతి నేరుగా పట్టించుకున్నది చాలా ఆలస్యంగా. 2006 ఏప్రిల్ నుంచి, ఓడల నిర్మాణాన్ని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు, అంటే పెద్ద క్లాస్ సొసైటీలు కలిసి డబుల్ హల్ ట్యాంకర్లకి ఒకే నిర్మాణ నియమావళి పెట్టాయి. ఉత్తర అట్లాంటిక్ అలల్లో 25 ఏళ్లు నిలవాలి, తుప్పుకి పోయే మందాన్ని ముందే కలిపి కట్టాలి. అంతకు ముందు ఎవరి రూల్ వాళ్లది, షిప్‌యార్డులు ఎవరిది చౌకైతే వాళ్ల దగ్గరికి వెళ్లేవి. అదే ఏడాది డిసెంబర్‌లో బ్యాలస్ట్ ట్యాంకు రంగుకి కూడా ప్రమాణం వచ్చింది, 320 మైక్రాన్ల ఎపాక్సీ, 15 ఏళ్లు ఆగేలా. నన్నడిగితే ఎరికాకి అసలు జవాబు ఇవీ, కానీ రంగు మందం గురించి ఏ టీవీ చర్చ పెడుతుంది?

డబుల్ హల్ ఎంతవరకు ఆదుకుందో చూస్తే, నెమ్మదిగా తగిలిన దెబ్బల్లో బాగానే. గట్టిగా తగిలితే రెండు మీటర్లు ఏ మూలకి? 2001లో డెన్మార్క్ దగ్గర బాల్టిక్ కారియర్ అనే డబుల్ హల్ ఓడ, కట్టి ఏడాదే, ఢీకొంటే 2,700 టన్నులు ఒలికింది. 2018 జనవరిలో సాంచి అనే ట్యాంకర్ తూర్పు చైనా సముద్రంలో ఢీకొని మండింది, 32 మంది సిబ్బందిలో ఒక్కరూ మిగల్లేదు. మన పక్కనే 2017లో చెన్నై ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుంటే ఒలికింది సరుకు కాదు, ఓడ సొంత ఇంధనం. అయినా కుర్రాళ్లు బకెట్లతో రోజుల తరబడి ఎత్తిపోశారు. 2020 సెప్టెంబర్‌లో న్యూ డైమండ్ అనే ట్యాంకర్ పారాదీప్‌కి 2.7 లక్షల టన్నుల ముడి చమురు తెస్తూ శ్రీలంక దగ్గర మండింది, ఇంజన్ రూమ్‌లో ఒక నావికుడు చనిపోయాడు. సరుకు మాత్రం చుక్క పోలేదు, కోస్ట్ గార్డూ నేవీ రోజుల తరబడి నీళ్లు కొట్టబట్టి.

లెక్కలు చూస్తే 1970ల్లో 700 టన్నులు దాటిన పెద్ద ఒలుకులు ఏడాదికి సగటున 24కి పైగా, 2010ల్లో రెండు కూడా లేవు. దీన్ని చూపించి డబుల్ హల్ గొప్పతనం అంటారు. కానీ 1980ల్లోనే ఆ సంఖ్య 9 చిల్లరకి పడిపోయింది, అప్పటికి చట్టమే లేదు.

ఇప్పుడు సముద్రం మీద తిరుగుతున్న ట్యాంకర్లు దాదాపు అన్నీ డబుల్ హల్లే, వాటిలో 2000ల నాటి హడావుడిలో కట్టినవి ముసలివైపోతున్నాయి. ఆంక్షలున్న దేశాల చమురుని చాటుగా మోయడానికి షాడో ఫ్లీట్ అనే ఓడల గుంపు పుట్టాక, కోతకి వెళ్లాల్సిన ఓడలకి మళ్లీ గిరాకీ వచ్చింది. 2023 మేలో మలేసియా దగ్గర పేలిపోయిన పాబ్లో అనే ట్యాంకర్ 1997లో కట్టింది.

పోయిన నెల బావ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు, 19 ఏళ్ల ఓడ, బ్యాలస్ట్ ట్యాంకు లోపల. తుప్పు గీకి తళతళలాడేలా చేసిన చోట పసుపు మార్కర్‌తో గుండ్రంగా చుట్టి 14.1 అని రాసుంది. కట్టినప్పుడు అక్కడ మందం 18 మిల్లీమీటర్లట, 13.5 దాకా అనుమతి ఉందట. "ఇంకా పాసే, కాకపోతే వచ్చే ఏడాది మళ్లీ కొలవాలి" అని కింద రాశాడు, దాని కింద "రేపు సెయిలింగ్" అని.