ఆనియన్ అడ్రస్ ఒక ఉత్పలమాలలో పడుతుందా?

"బాబాయ్, ఇది మనుషులు గుర్తుపెట్టుకునే అడ్రసేనా?" అని మా అన్నయ్య కూతురు ఫోన్ చూపించింది, మైలాపూర్‌లో దాని పాట క్లాసు బయట కూర్చున్నాం. ఎవరు ఏం చూస్తున్నారో తెలియకుండా దాచే టార్ నెట్‌వర్క్‌లో ఒక సైట్ అడ్రస్ అది, 56 అక్షరాలు, చివర డాట్ ఆనియన్.

అది ఎవరో పెట్టిన పేరు కాదు, ఆ సైట్ పబ్లిక్ కీనే, అంటే సైట్ అసలుదేనని రుజువు చేసే, అందరికీ చూపించే ఓ పెద్ద సంఖ్య. కీ 256 బిట్లు, తప్పులు పట్టే చెక్‌సమ్ 16, వెర్షన్ 8, మొత్తం 280, అక్షరానికి 5 చొప్పున 56. మధ్యలో ఏ రిజిస్ట్రారూ లేడు, గొప్పా అదే, మన కష్టమూ అదే. 2014లో ఫేస్‌బుక్ తన పేరుతో మొదలయ్యే ఆనియన్ అడ్రస్ సంపాదించింది, ఆ 8 అక్షరాలు కలవాలంటే సగటున లక్ష కోట్లకి పైగా కీలు పుట్టించి చూడాలి! 2020లో టార్ బ్రౌజర్ కొన్ని వార్తాసంస్థలకి రహస్యంగా పత్రాలు అందించే సెక్యూర్‌డ్రాప్ పేజీలకి చిన్న పేర్లిచ్చి చూసింది, బాగానే ఉంది కానీ ఆ లిస్టు ఎవరో ఒకరి చేతిలో ఉండాలి.

నాకు మాత్రం లోపల్నుంచి వినిపిస్తున్న పాట విని కటపయాది గుర్తొచ్చింది, ఒక్కో హల్లుకి ఒక్కో అంకె ఇచ్చే పాత పద్ధతి. ధీరశంకరాభరణం రాగం పేరులో ధీ అంటే 9, ర అంటే 2, తిరగేస్తే 29, అది 29వ మేళకర్త, అంటే మూల రాగాల వరసలో దాని నంబరు. మేచకల్యాణి 65. పిల్లలతో రాగాల పేర్లు బట్టీ పట్టిస్తారు గానీ ఈ లెక్క చాలాచోట్ల చెప్పరు, కొందరైతే దీన్ని జాతకాల్లోకి లాగి మహిమలు అంటగడతారు, అది చూస్తే నాకు బాధేస్తుంది, ఇది అంకెల్ని మాటల్లో దాచే శుభ్రమైన కోడ్.

ఇప్పుడు చూడండి, ఆ కీనే ఇలా పద్యంలో దాచితే గుర్తుంటుంది కదా. 256 బిట్ల సంఖ్య 78 అంకెలు దాటదు. ఉత్పలమాలకి పాదానికి 20 చొప్పున 80 అక్షరాలు! మిగిలిన రెండింట్లో ఆ సంఖ్యని 97తో భాగించిన శేషం పెడితే, ఒక అంకె తప్పినా, పక్కపక్కవి తారుమారైనా దొరికిపోతుంది. కటపయాదిలో గుడులూ దీర్ఘాలూ అక్షరం పక్కన పెట్టే సున్నాలూ లెక్కలోకి రావు, ఒత్తు ఉంటే చివరి హల్లే లెక్క, అంటే గురులఘువులు మన చేతిలోనే ఉన్నాయి. చిక్కల్లా ప్రాసతోనే, నాలుగు పాదాల్లోనూ రెండో అంకె ఒకేలా ఉండాలి, అలా పడే అవకాశం వెయ్యిలో ఒకటి, అయితే ఫేస్‌బుక్ చేసినట్టే సుమారు వెయ్యి కీలు పుట్టించి ప్రాస కుదిరిన కీ పెట్టుకుంటే సరి, లాప్‌టాప్‌కి అదో పనే కాదు, యతికి ఇంకాస్త వెతకాలి.

ఇక అర్థం. 1కి క, ట, ప, య, 6కి చ, త, ష, 9కి ఝ, ధ రెండే. అవధానంలో నిషిద్ధాక్షరి తెలుసుగా, ఈ అక్షరం వద్దు అంటే ఇంకోటి వేసి పద్యం నడిపిస్తారు, ఇక్కడ దాన్ని తిరగేసి 80 చోట్లా ఆ అంకెకున్న రెండు నుంచి నాలుగు హల్లుల్లోంచే వెయ్యమని అడగాలి, ఎవరైనా అవధాని గారు పూరిస్తే వినాలనుంది.