తెగిన లిగమెంట్‌ను కుట్టరు, మోకాలి వాలును సరిచేస్తారు

కుక్క వెనక కాలు కుంటుతుంటే ముల్లు దిగిందేమోనని మొదట పాదం చూస్తాం. పాదంలో ఏమీ కనిపించకపోతే అనుమానించాల్సింది మోకాలినే. ఆ కాలి వేళ్లను మాత్రమే నేలకు ఆనించి నిలబడుతుందా? కూర్చునేటప్పుడు మోకాలు పూర్తిగా మడవలేక కాలిని పక్కకు చాపుతుందా? అయితే మోకాలి లోపల ముందువైపు ఉండే క్రూసియేట్ లిగమెంట్, అంటే తొడ ఎముకను కింది ఎముకతో కలిపి పట్టే పోగుల కట్ట, తెగి ఉండవచ్చు.

మనుషుల్లో ఇది ఎక్కువగా ఆటల్లో కాలు మెలిపడి ఒక్కసారిగా తెగుతుంది. చాలా కుక్కల్లో మాత్రం నెలల తరబడి పోగు తర్వాత పోగు పాడవుతూ వచ్చి, ఏదో ఒకనాడు మామూలు పరుగులోనే తెగిపోతుంది. ఒక మోకాలు దెబ్బతిన్న కుక్కల్లో దాదాపు సగానికి కొన్నాళ్లకు రెండో మోకాలూ అలాగే అవుతుంది. పాడైపోయిన పోగులను కలిపి కుట్టినా నిలవవు.

టిబియా, అంటే మోకాలి కింది పెద్ద ఎముక, పైభాగం కుక్కల్లో చదునుగా ఉండదు. వెనక్కి సుమారు 25 డిగ్రీలు వాలి ఉంటుంది. కాలు మోపిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారుతుంది, టిబియా ముందుకు తోసుకొస్తుంది. ఏటవాలులో నిలిపిన బండిని పట్టి ఉంచే తాడు లాంటిది ఈ లిగమెంట్. అది తెగాక కొత్త తాడు కట్టవచ్చు, లేదా నేలనే చదును చేయవచ్చు. ఇప్పుడు వాడుకలో ఉన్న శస్త్రచికిత్సలు చాలావరకు ఈ రెండు దారుల్లోవే.

ముందు రోగం తేల్చాలి. డాక్టరు ఒక చేత్తో తొడ ఎముకను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో టిబియాను ముందుకు నెట్టి చూస్తారు. జారితే లిగమెంట్ తెగినట్టే. కుక్క భయంతో కండరాలు బిగిస్తే ఆ జారుడు చేతికి అందదు. సగమే తెగినప్పుడూ అంతే. కాబట్టి మత్తు ఇచ్చి చూడటమే నయం. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు; కీలులో నీరు చేరి కొవ్వు పొరను ముందుకు నెట్టిన ఆనవాలు కనిపిస్తుంది.

నేలను చదును చేసే పద్ధతి టీపీఎల్ఓ (టిబియల్ ప్లాటో లెవలింగ్ ఆస్టియాటమీ). అమెరికాకు చెందిన పశువైద్యుడు బార్‌క్లే స్లోకమ్ 1993లో దీన్ని ప్రచురించారు. మోకాలు, మడమ కీలు రెండూ 90 డిగ్రీలకు మడిచి, రెండూ ఒకే ఫిల్మ్‌లో పడేలా పక్కనుంచి ఎక్స్‌రే తీసి వాలు కొలుస్తారు. కాలు కాస్త పక్కకు తిరిగి ఉన్నా కొలత తప్పుతుంది, దాంతో ఆపరేషన్ లెక్కంతా తప్పుతుంది. ఆ తర్వాత వంపు తిరిగిన రంపంతో టిబియా తలను అర్ధచంద్రాకారంలో కోసి, వాలు 5 డిగ్రీలకు దిగేదాకా వెనక్కి తిప్పుతారు. 24 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రంపంతో 25 డిగ్రీల వాలును సరిచేయాలంటే ఎముక సుమారు 8 మిల్లీమీటర్లు జరగాలి. ఆ స్థితిలో ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. ఇంకా ఎక్కువ తిప్పితే భారమంతా వెనకవైపు క్రూసియేట్ లిగమెంట్ మీద పడుతుంది. కోత మరీ ముందుకు వస్తే మోకాలిచిప్ప స్నాయువు అతుక్కునే ఎముక గట్టు సన్నబడి, తర్వాత విరుగుతుంది.

2002 ప్రాంతంలో జ్యూరిచ్‌లో రూపొందిన టీటీఏ (టిబియల్ ట్యూబరాసిటీ అడ్వాన్స్‌మెంట్) అనే మరో పద్ధతిలో వాలును ముట్టుకోరు. ఆ గట్టునే ముందుకు జరిపి, సందులో లోహపు పంజరాన్ని అమర్చి, స్నాయువు లాగే దిశను మారుస్తారు.

కొత్త తాడు కట్టే పద్ధతిలో కీలు బయట గట్టి నైలాన్ తీగను తొడ ఎముక వెనకనున్న చిన్న గుండ్రటి ఎముక చుట్టూ తిప్పి, టిబియాలో వేసిన రంధ్రం గుండా లాగి బిగిస్తారు. ఆ తీగ ఎప్పటికైనా సాగుతుంది, లేదా తెగుతుంది. ఈలోగా కీలు చుట్టూ గట్టిపడిన కణజాలమే మోకాలిని నిలబెడుతుంది. 15 కిలోల లోపు కుక్కలకు ఇది బాగానే సరిపోతుంది. బరువైన, చురుకైన కుక్కకు ఎముక కోతే మేలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా కీలు లోపలి మెనిస్కస్‌ను, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థిని, చూడకుండా మూసేయకూడదు. లోపలివైపు మెనిస్కస్ టిబియాకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కనుక, ఎముక జారిన ప్రతిసారీ దాని వెనక కొమ్ము నలిగి చిరుగుతుంది. చిరిగిన ముక్కనే తీసేసి మిగతాది ఉంచాలి. ఆపరేషన్ తర్వాత బాగా నడుస్తున్న కుక్క నెలల తర్వాత హఠాత్తుగా కుంటితే మొదట అనుమానించాల్సింది దీన్నే. అడుగు వేసినప్పుడు కొన్నిసార్లు టక్కుమని శబ్దం కూడా వినిపిస్తుంది.

పిల్లుల సంగతి కాస్త వేరు. పైనుంచి పడటం వంటి దెబ్బలకు ఒక్కోసారి రెండు మూడు లిగమెంట్లు కలిసి తెగుతాయి. అప్పుడు ఆపరేషన్ తప్పదు. ఒక్క క్రూసియేటే తెగితే చాలా పిల్లులు కొన్ని వారాలు బోనులో విశ్రాంతి తీసుకుని, బరువు తగ్గి కోలుకుంటాయి. మత్తు ఇచ్చేముందు గుండె పరీక్ష చేయించాలి, ఎందుకంటే పైకి ఏమీ తెలియకుండానే గుండె కండరం మందమైన పిల్లులు ఉంటాయి. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ పిల్లికి వేస్తే ప్రాణాలే పోతాయి. కుక్కకు ఇబుప్రొఫెన్ ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంటికి తెచ్చాక కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, మెడకు కోన్ ఉండాల్సిందే. గాయాన్ని నాకితే చీము ప్లేటు దాకా పోతుంది. మూత్రవిసర్జనకు తాడు పట్టుకుని 5 నిమిషాలు తిప్పితే చాలు. మెట్లు, సోఫా, గెంతులు వద్దు. అసలు ప్రమాదం మూడో వారంలో వస్తుంది. నొప్పి తగ్గి కుక్క పరుగెత్తాలని చూస్తుంది, ఎముక మాత్రం ఇంకా అతుక్కోదు. స్క్రూలు వదులయ్యేదీ, గట్టు విరిగేదీ ఎక్కువగా అప్పుడే. 8 వారాలకు ఎక్స్‌రే తీసి, కోత పూడినట్టు కనిపించాకే నడక సమయాన్ని వారం వారం పెంచాలి.