సముద్ర మోడళ్ల తగవంతా జంతుప్లవకాల చావు లెక్క దగ్గరే

భూమి వేడెక్కితే సముద్రంలో చేపలు ఎంత తగ్గుతాయన్న వాదన మళ్లీ రాజుకుంది. చేపల మోడళ్లను పక్కపక్కన పెట్టి పోల్చే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఫిష్‌-మిప్ 2019లో ఆరు చేపల మోడళ్లను కలిపి లెక్క కట్టింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా సముద్ర జంతువుల జీవద్రవ్యరాశి (మొత్తం బరువు) సుమారు 5 శాతం తగ్గుతుందని తేల్చింది. కొత్త తరం వాతావరణ మోడళ్లతో 2021లో మళ్లీ చేస్తే తగ్గుదల ఇంకా ఎక్కువగా వచ్చింది. ఈ లెక్కలకు ఆధారం వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు; వాటిని తినే చిన్న జీవులు జంతుప్లవకాలు, వాటిని చేపలు తింటాయి. ఆ వృక్షప్లవకాల ఉత్పత్తి అంచనా మాత్రం గట్టిపడకపోగా మరింత చెదిరింది. ఉద్గారాలు అత్యధికంగా ఉంటే ఈ శతాబ్దం చివరికి ఆ ఉత్పత్తి 8 శాతానికి పైగా తగ్గుతుందని పాత తరం వాతావరణ మోడళ్ల సగటు. కొత్త తరం సగటు 3 శాతమే, మోడళ్ల మధ్య వ్యత్యాసం అటూ ఇటూ 9 శాతం. తగ్గుతుందో పెరుగుతుందో కూడా కచ్చితంగా చెప్పలేని స్థితి అది. మేత ఎంతో తేలకుండా మంద ఎంతో ఎలా చెబుతారన్నది విమర్శకుల ప్రశ్న.

సముద్ర జీవులను సమీకరణాల్లో పెట్టడం పాత పనే. నేటి తగవు అర్థం కావాలంటే 1990 దశకం మొదలు చూడాలి. 1990లో ఫాషమ్, డక్లో, మెకెల్వీ బెర్ముడా దగ్గరి సముద్రానికి ఏడు గదుల నైట్రోజన్ మోడల్ ప్రచురించారు; వృక్షప్లవకాలు, జంతుప్లవకాలు, పోషకాలు వంటివి ఒక్కొక్కటీ ఒక గది, వాటి మధ్య నైట్రోజన్ ఎంత మారుతుందో అది లెక్కిస్తుంది. తర్వాత ప్రపంచ సముద్ర ప్రవాహ మోడళ్లలో చేరిన జీవభాగాలు చాలావరకు ఆ అచ్చులోనివే. అందులో చేపలు లేవు, ఆహార గొలుసు జంతుప్లవకాల దగ్గరే ఆగుతుంది. మరి జంతుప్లవకాలను తినేదెవరు? ఆ చోట ఒక మరణాల పదం పెట్టి సమీకరణం ముగిస్తారు. దాన్నే క్లోజర్ టర్మ్ అంటారు. అది చిన్న విషయం కాదని స్టీల్, హెండర్సన్ 1992లో చూపించారు. మరణాలు జంతుప్లవకాల సాంద్రతకు అనులోమంగా ఉంటే మోడల్ ఊగిసలాటలో పడవచ్చు, సాంద్రత వర్గానికి (స్క్వేర్‌కు) అనులోమంగా ఉంటే నిలకడగా ఉంటుంది. వర్గం పెట్టినా ఊగిసలాట పూర్తిగా పోదని ఎడ్వర్డ్స్, యూల్ 2000లో సవరించారు. అయినా చాలామంది నిలకడ కోసమే వర్గాన్ని ఎంచుకున్నారు. వాతావరణం మారినప్పుడు ఆ ఎంపిక ఏం చేస్తుందన్నది అప్పుడు ఎవరికీ ముఖ్య ప్రశ్న కాదు.

ఉదాహరణకు ఒక చిన్న మోడల్ తీసుకుందాం. జంతుప్లవకాల గరిష్ఠ మేత రేటు రోజుకు 1, తిన్నదాంట్లో ఒంటబట్టేది 0.7 వంతు. మేత రేటు సగానికి చేరే వృక్షప్లవకాల సాంద్రత ఘనపు మీటరుకు 0.6 మిల్లీమోల్ నైట్రోజన్. జంతుప్లవకాల మరణాల రేటు రోజుకు 0.1 అని స్థిరంగా పెడితే సమతాస్థితిలో వృక్షప్లవకాల సాంద్రత 0.1 మిల్లీమోల్ దగ్గర నిలుస్తుంది. ఆ 0.1లో పోషకాల ఊసే లేదు. పై పొర వేడెక్కి, నీరు కలవడం తగ్గి, అడుగు నుంచి నైట్రేట్ అనే పోషకం రావడం తగ్గినా వృక్షప్లవకాలు 0.1 దగ్గరే ఉంటాయి, నష్టమంతా జంతుప్లవకాల మీద పడుతుంది. ఇప్పుడు మరణాలను వర్గంగా మార్చి గుణకం 0.5 పెట్టండి. జంతుప్లవకాలు 0.2 ఉన్న చోట నేటి స్థితి రెండు మోడళ్లలోనూ అచ్చంగా ఒకటే. అవి 0.16కు పడితే ఈ రెండోదాంట్లో వృక్షప్లవకాలు కూడా సుమారు 0.077కు దిగుతాయి. పై మెట్టుకు, అంటే చేపలకు అందే ప్రవాహం మొదటి మోడల్‌లో 20 శాతం తగ్గితే, రెండోదాంట్లో 36 శాతం తగ్గుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మోడళ్లను సరిచూసేది ప్రధానంగా ఉపగ్రహాలు ఇచ్చే క్లోరోఫిల్‌తో. ఆ కొలత జంతుప్లవకాల గురించి నేరుగా ఏమీ చెప్పదు. మేత రేటు, అది సగానికి చేరే సాంద్రత, మరణాల గుణకం రకరకాలుగా కలిపి ఒకే క్లోరోఫిల్ పటం తెప్పించవచ్చు. నేటికి అన్నీ సరిపోతాయి, 2100 నాటికి విడిపోతాయి. కొత్త తరం మోడళ్లలో సముద్ర కార్బన్ చక్రానికి సంబంధించిన అనిశ్చితికి అతి పెద్ద మూలం జంతుప్లవకాల మేతేనని 2023లో వచ్చిన ఒక విశ్లేషణ చూపింది. ముప్పై ఏళ్ల కిందటి హెచ్చరిక అంకెలతో తిరిగొచ్చినట్టే.

తేడాలన్నిటికీ జంతుప్లవకాలే కారణం కాదనే అవతలి పక్షానికీ వాదన ఉంది. ఫ్రాన్స్‌లోని ఐపీఎస్ఎల్ పరిశోధన సంస్థ వాతావరణ మోడల్ పాత రూపంలో ఉత్పత్తి తగ్గుతుందంది, కొత్త రూపంలో పెరుగుతుందంది. అందుకు ముఖ్య కారణం నైట్రోజన్ వాయువును పోషకంగా మార్చే (స్థిరీకరించే) సూక్ష్మజీవులను లెక్కించే తీరు మారడమని వారు చెబుతారు. వేడికి జీవక్రియ ఖర్చు పెరిగి చేపలు తగ్గడం ఉత్పత్తితో నిమిత్తం లేకుండానే జరుగుతుందని కూడా అంటారు. దిశ విషయంలో ఇది నిజమే, పరిమాణం మాత్రం దీనితో తేలదు. వేడికి పెరుగుదల ఎంత మారుతుందో చెప్పే ఎప్లీ 1972 సూత్రం ప్రకారం 10 డిగ్రీలకు వృక్షప్లవకాల గరిష్ఠ పెరుగుదల 1.88 రెట్లవుతుంది, 3 డిగ్రీలకైతే 21 శాతం పెరుగుతుంది. అదే వేడికి మేత, మరణాలు ఎంత పెరుగుతాయని ఏ గుణకం పెడతారన్నది మళ్లీ మోడల్ రాసేవారి ఎంపికే.

పైగా చేపల మోడళ్లలో చాలావాటికి ప్లవకాల లెక్క ఒకవైపుగానే అందుతుంది. క్లోజర్ టర్మ్ అప్పటికే చేపల వాటా తీసేశాక మిగిలిన జంతుప్లవకాలను చేపల మోడల్ మళ్లీ తినిపిస్తుంది. అలా ఒకే వేట రెండుసార్లు లెక్కలోకి రావచ్చు, చేపలు పెరిగినా ప్లవకాలకు తెలియకపోవచ్చు. దీనికి ఒక దారి ఉంది. అమెరికాలోని వాతావరణ పరిశోధనశాల జీఎఫ్‌డీఎల్ వారి కోబాల్ట్ అనే ప్లవకాల మోడల్ పై మెట్టు వేటకు పోయే ప్రవాహాన్ని విడిగా లెక్కిస్తుంది. ఫీస్టీ అనే చేపల మోడల్ ఆ ప్రవాహానికి మించి జంతుప్లవకాలను తినకుండా చేపలకు హద్దు పెడుతుంది. మిగతా వాతావరణ మోడళ్లూ ఉష్ణోగ్రత, ప్లవకాల సాంద్రతలతోపాటు నెలవారీ మరణాల ప్రవాహాన్ని, అది అనులోమమో వర్గమో, దాని గుణకమెంతో కలిపి ఇవ్వాలి. అవి లేకుండా ఆరు మోడళ్ల సగటు తీస్తే, ఆ తేడాలో సముద్రానిది ఎంతో, క్లోజర్ టర్మ్‌ది ఎంతో విడదీసే వీలే ఉండదు.